బోర్డు పోయిందని ఎవరన్నారు?

వీడియో గేమ్ మిషన్ ఆగిపోతే మన వైపు మొదట వినబడే మాట 'బోర్డు పోయింది' అని. ఆ మాట అనేశాక మిషన్ ఒక మూలకు చేరుతుంది. కొన్నాళ్లు దుమ్ము పట్టాక పాత సామాన్ల అంగడికి కిలోల లెక్కన వెళ్లిపోతుంది. ఈ రోజు ఆ మాట మీదే మాట్లాడతాను. పోయిందని చెప్పిన బోర్డుల్లో చాలావాటికి జబ్బు అసలు బోర్డులో ఉండదు. ఉన్నా ఏదో ఒక ఐసీలో, ఒక కాలి దగ్గర ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. చూసే వరస తెలియాలి, ఆ వరస తప్పని ఓపిక ఉండాలి.

1990లలో తిరుపతిలో, చిత్తూరులో, పుత్తూరులో, శ్రీకాళహస్తిలో పెరిగినవాళ్లకు వీడియో గేమ్ అంగళ్లు గుర్తుండే ఉంటాయి. సినిమా హాలు పక్కనో, బస్టాండు దగ్గరో ఒక చిన్న గది. లోపల చీకటి, నిలువెత్తు చెక్క పెట్టెలు, వాటి ముందు గుంపుగా పిల్లలు. ఆ పెట్టెల్లో మనవాళ్లు పేరు మార్చి సొంతం చేసుకున్న ఆట ఒకటుంది. అందరూ దాన్ని 'ముస్తఫా' అన్నారు. అసలు పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. మార్క్ షుల్జ్ అనే అమెరికన్ బొమ్మల కథల రచయిత గీసిన 'జెనోజోయిక్ టేల్స్' కథల నుంచి పుట్టింది. అందులో ఆడేందుకు నలుగురు మనుషులు ఉంటారు, వాళ్లలో టోపీ పెట్టుకున్న ముస్తఫా ఒకడు. మన పిల్లలకు అతనే నచ్చాడు, ఆట మొత్తానికీ అతని పేరే మిగిలింది. ఆ రోజుల్లో ఆడినవాళ్లు ఇప్పుడు నలభై దాటినవాళ్లు. ఎక్కడో గోడౌన్‌లో పడి ఉన్న మిషన్‌ను కొని, ఇంటికి తెచ్చుకుని, దాన్ని లేపాలని చూస్తున్నవాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్లకు, ఎలక్ట్రానిక్స్ చదువుతున్న పిల్లలకు ఈ ప్రసంగం పనికొస్తుందని నా ఆశ.

ఒక పాత సంగతితో మొదలుపెడతాను. 1972లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని సన్నీవేల్ ఊళ్లో, అటారీ కంపెనీ తన మొదటి 'పాంగ్' మిషన్‌ను ఒక బారులో పెట్టింది. కొద్ది రోజులకే ఆగిపోయిందని కబురొచ్చింది. దాన్ని తయారుచేసిన ఇంజినీరు ఆల్ ఆల్కార్న్ స్వయంగా వెళ్లి తెరిచి చూశాడు. లోపల సర్క్యూట్ చక్కగా ఉంది. నాణేలు పడే డబ్బా నిండి పొంగిపోయింది, అందుకే కొత్త నాణెం దిగడం లేదు. వీడియో గేమ్ మిషన్ల చరిత్రలో పేరుపడ్డ మొదటి రిపేరు అది, అందులో బోర్డు తప్పు ఏమీ లేదు. నాణెం వేసే చోటు, దాని కింద ఉండే సన్నటి తీగ స్విచ్చి, బటన్ల వెనక స్విచ్చిలు, వాటి వైర్లు, ఇవన్నీ చూశాకే బోర్డు మీద చెయ్యి వెయ్యాలి. ఆట నడుస్తోంది, కాయిన్ పడటం లేదు అంటే బోర్డు బాగానే ఉందని మిషనే మీకు చెబుతోంది.

తెరిచే ముందు ఒక జాగ్రత్త. పాత మిషన్లలో టీవీలో ఉండేలాంటి పిక్చర్ ట్యూబు ఉంటుంది. దానికి వెళ్లే ఎర్ర టోపీ వైరులో ఇరవై వేల వోల్టులు, కొన్నిటిలో అంతకు పైన కూడా ఉంటుంది, స్విచ్చి ఆపాక కూడా ట్యూబులో కొంత నిలిచి ఉంటుంది. మానిటర్ చాసిస్ చాలావాటిలో నేరుగా మెయిన్స్‌కు తగిలి ఉంటుంది. కాబట్టి టీవీ పని చేతికి అలవాటు లేనివాళ్లు ఆ వైపు వెళ్లనే వద్దు. బోర్డును విప్పి బయటికి తీసి బల్ల మీద పెట్టుకుని చూడండి. బోర్డు మీద ఉండేది అయిదు వోల్టులు, పన్నెండు వోల్టులు. అది మనిషికి ప్రమాదం కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అది కరెంటు. నేను చూసిన రిపేర్లలో సగం పైగా ఇక్కడే తేలిపోయాయి, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను.

1980ల నడుమ జపాన్‌లో గేమ్ మిషన్ల తయారీదారుల సంఘం బోర్డులన్నిటికీ ఒకే రకం కనెక్టర్ ఉండాలని నిర్ణయించింది. దాన్ని జామా అంటారు. బోర్డు అంచున పైన ఇరవై ఎనిమిది, కింద ఇరవై ఎనిమిది, మొత్తం 56 రేకులు ఉంటాయి. అందువల్లే ఒక ఆట బోర్డు తీసి ఇంకో ఆట బోర్డు అదే పెట్టెలో బిగించగలిగారు. మన ఊళ్లలో ఒకే మిషన్‌లో ఏటా ఆట మారడానికి కారణం ఇదే. ఆ రేకుల్లో మొదటి రెండూ ఎర్తు, తర్వాతి రెండూ అయిదు వోల్టులు, అయిదోది మైనస్ అయిదు, ఆరోది పన్నెండు. పైనా కిందా ఇదే లెక్క. బోర్డు మీది ఐసీలన్నీ బతికేది ఆ అయిదు వోల్టుల మీద. పాత 74 సిరీస్ ఐసీలకు 4.75 నుంచి 5.25 దాకా ఉంటేనే సరిగ్గా పనిచేస్తాయని తయారీదారులే రాసిపెట్టారు. 4.75 కంటే తగ్గితే ఆట నడుస్తూ నడుస్తూ రీసెట్ అవుతుంది, బొమ్మలు చెదురుతాయి, తెల్లటి తెర మీద ఆగిపోతుంది. చూసేవాడికి అది అచ్చం బోర్డు పోయినట్టే కనిపిస్తుంది.

మెకానిక్కులు మల్టీమీటర్ తీసి సప్లై పెట్టె దగ్గర చూస్తారు. అక్కడ 5.05 ఉంటుంది. సప్లై బాగుంది, బోర్డే పోయింది అంటారు. కొలవాల్సిన చోటు అది కాదు. వీధి ట్యాంకు నిండుగా ఉన్నా చివరి ఇంటి కొళాయిలో నీళ్లు సన్నగా రావచ్చు. వైరులో, కనెక్టర్‌లో, మసిపట్టిన రేకుల్లో దారి పొడవునా కొంత వోల్టేజి తగ్గిపోతుంది. అందుకని మీటరు పిన్నులు బోర్డు మీదే, సప్లైకి అన్నిటికంటే దూరంగా ఉన్న ఐసీ కాళ్ల మీద పెట్టి, ఆట నడుస్తుండగా కొలవాలి. అక్కడ 4.6 కనిపిస్తే మీ జబ్బు దొరికినట్టే. సప్లై పెట్టెలో వోల్టేజి సరిచేసే చిన్న స్క్రూ ఉంటుంది, కానీ దాన్ని తిప్పే ముందు రేకులు శుభ్రం చేయండి. మసిపట్టిన రేకును అలాగే వదిలేసి వోల్టేజి పెంచితే ఆ రేకు దగ్గర వేడి ఇంకా పెరిగి కనెక్టరే కాలిపోతుంది. కాలిన కనెక్టరు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది, వాసన కూడా వస్తుంది.

రేకుల శుభ్రానికి పిల్లలు వాడే మామూలు పెన్సిల్ రబ్బరు చాలు. మెల్లగా ఒకే వైపు రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో తుడవాలి. ఉప్పు కాగితం మాత్రం వద్దు, రేకుల మీది బంగారు పూత లేచిపోతుంది.

సప్లై దగ్గర ఇంకో సంగతి, అది మన ఎండలది. ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు వేడికి ఎండిపోతాయి. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు సగానికి తగ్గుతుందని ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే లెక్క. రేకుల పైకప్పు కింద, గాలి ఆడని గదిలో, పిక్చర్ ట్యూబుతో కలిసి మూసేసిన చెక్క పెట్టెలో మే నెల మధ్యాహ్నం ఎంత వేడి ఉంటుందో తిరుపతివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. కండెన్సర్ పైభాగం ఉబ్బినా, కింద తడి మరక కనిపించినా మార్చేయండి. ఉబ్బకుండా లోపలే ఎండిపోయేవీ ఉంటాయి. మిషన్ పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, పది నిమిషాలు ఆన్‌లో ఉంచాక సరిగ్గా నడిస్తే, ముందు కండెన్సర్ల మీద అనుమానం పెట్టుకోండి. అలా కాకుండా పొద్దున బాగా నడిచి వేడెక్కాక ఆగిపోతే, డ్రై సోల్డర్ గానీ నీరసించిన ఐసీ గానీ అయి ఉంటుంది. కొత్త కండెన్సర్ కొనేటప్పుడు 85 డిగ్రీలది కాకుండా 105 డిగ్రీలది అడిగి తీసుకోండి.

కరెంటు సరిగ్గా ఉంది, అయినా తెర మీద ఆట రావడం లేదు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న, ప్రాసెసర్ నడుస్తోందా లేదా అని. ప్రాసెసర్ నడవడానికి మూడు కావాలి. కరెంటు, క్రిస్టల్ నుంచి వచ్చే క్లాకు, రీసెట్ వదిలేయడం. ఆట బోర్డుల్లో వాచ్‌డాగ్ అనే ఏర్పాటు కూడా ఉంటుంది. ప్రోగ్రామ్ సక్రమంగా నడుస్తున్నంతసేపూ అది వాచ్‌డాగ్‌కు తరచుగా సంకేతం పంపుతుంటుంది. ఆ సంకేతం ఆగితే వాచ్‌డాగ్ ప్రాసెసర్‌ను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిస్తుంది. సంకేతం హైగా ఉందో, లోగా ఉందో, కొట్టుకుంటోందో చూపే లాజిక్ ప్రోబ్‌ను రీసెట్ కాలు మీద పెడితే క్రమం తప్పకుండా టిక్ టిక్ అని కొడుతోందంటే, ప్రాసెసర్ లేవాలని చూస్తోంది, ప్రోగ్రామ్ చదవలేక పడిపోతోంది అని అర్థం. ప్రాసెసర్‌ను మార్చడం కాదు అక్కడ పని. ప్రోగ్రామ్ ఉన్న రోమ్ చిప్పుల వైపు, అది నడవడానికి వాడుకునే రామ్ చిప్పుల వైపు, వాటికి వెళ్లే లైన్ల వైపు చూడాలి.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి రేడియోతో చేసే ఒక పరీక్ష కూడా చెబుతాను. చిన్న మీడియం వేవ్ ట్రాన్సిస్టర్‌ను స్టేషన్ లేని చోట పెట్టి బోర్డు దగ్గరికి తెండి. నడుస్తున్న డిజిటల్ సర్క్యూట్ చుట్టూ రేడియో తరంగాలు పుడతాయి, అవి గరగరమని వినిపిస్తాయి. 1975లో స్టీవ్ డాంపియర్ అనే ఆయన ఆల్టెయిర్ అనే తొలినాటి కంప్యూటర్ మీద ట్రాన్సిస్టర్ రేడియో పెట్టి, ప్రోగ్రామ్ నడిచే వేగాన్ని మారుస్తూ దాని చేత పాట పలికించాడు. ఆ కంప్యూటర్‌కు స్పీకరే లేదు. మన పరీక్షలో పాట రాదు గానీ తేడా తెలుస్తుంది. రీసెట్ నొక్కి పట్టుకున్నప్పుడు ఒక శబ్దం, వదిలేశాక ఇంకో శబ్దం వస్తే ప్రాసెసర్ ఏదో పని చేస్తోంది. రెండు సందర్భాల్లోనూ ఒకే మోత వస్తే అది నిద్రపోతోంది. సప్లై, మానిటర్ కూడా గోల చేస్తాయి కాబట్టి దీన్ని సూచనగానే తీసుకోండి, తుది మాట లాజిక్ ప్రోబ్‌దే.

తర్వాతిది నాకు చాలా ఇష్టమైన భాగం, తెరను చదవడం. చెడిపోయిన బొమ్మ ఎలా చెడిందో శ్రద్ధగా చూస్తే చెడిన ఐసీ ఏ వైపు ఉందో తెలుస్తుంది. ఆట బోర్డులో వెనక కనిపించే దృశ్యానికి ఒక సర్క్యూట్, కదిలే మనుషులకు, బళ్లకు, తూటాలకు వేరే సర్క్యూట్ ఉంటాయి. దృశ్యం శుభ్రంగా ఉండి మనుషులు మాత్రమే చీలికలైతే మీరు బోర్డులో సగం భాగాన్ని చూడనక్కర్లేదు. ఆకారం సరిగ్గా ఉండి రంగులే తప్పితే, రంగుల పట్టిక ఉంచే రామ్ దగ్గరో, బొమ్మల సమాచారంలో ఒక లైను దగ్గరో లోపం. బొమ్మ నిండా సమానమైన ఎడంతో నిలువు గీతలు వస్తే, బొమ్మల రోమ్ నుంచి వచ్చే దారిలో ఏదో ఒక లైను తెగింది. ఆట వినిపిస్తోంది, గుద్దుల శబ్దం వస్తోంది, తెర మాత్రం చెత్తగా ఉంది అంటే ప్రాసెసర్ నిక్షేపంగా ఉంది.

తెర చెదిరినంత మాత్రాన అది హార్డ్‌వేర్ లోపమే కానక్కర్లేదు కూడా. 1980లో నామ్‌కో తెచ్చిన 'ప్యాక్‌మన్'లో 256వ దశకు చేరితే తెర కుడి సగం అక్షరాల గందరగోళంగా మారిపోతుంది. ఎనిమిది బిట్ల లెక్కలో పట్టే పెద్ద సంఖ్య 255, ఆ హద్దు దాటగానే ప్రోగ్రామ్ లెక్క తప్పుతుంది. ప్రపంచంలో ప్రతి ప్యాక్‌మన్ బోర్డూ అక్కడ అలాగే చేస్తుంది. అది చూసి రామ్ మార్చినవాడి శ్రమ వృథా. ఆట ఎలా నడవాలో తెలియకుండా ఆట బోర్డు బాగుచేయలేం, అందుకే రిపేరు చేసేవాడు ఆ ఆటను ఆడి ఉండాలని నేను గట్టిగా చెబుతాను.

ఒక ఉదాహరణ చెబుతాను. పుత్తూరు వైపు నుంచి ఒక ఫైటింగ్ గేమ్ బోర్డు నా బల్ల మీదికి వచ్చింది. అప్పటికే ఎవరో ప్రాసెసర్ మార్చారు, రెండు రోమ్‌లు మార్చారు. ఆట నడుస్తోంది, శబ్దం బాగుంది, వెనక దృశ్యం బాగుంది, మనుషుల ఒళ్లు మాత్రం దువ్వెన పళ్ల మాదిరి గీతలు. వోల్టేజి కొలిచాను, బాగానే ఉంది. బొమ్మల రోమ్‌ల నుంచి బయలుదేరే లైన్ల మీద ఒక్కొక్కటిగా ప్రోబ్ పెట్టుకుంటూ వెళ్లాను. ఒక 74ఎల్ఎస్245 ఐసీ దగ్గర లోపలికి వెళ్లే కాలు మీద పల్సు ఉంది, దానికి ఎదురుగా బయటికి వచ్చే కాలు మీద ఏమీ లేదు. హై కాదు, లో కాదు, గాలిలో వేలాడుతోంది. ఐసీ మీద ఫుజిట్సు ముద్ర ఉంది. ఆ కాలపు ఫుజిట్సు 74 సిరీస్ ఐసీలు లోపలే తెగిపోయి ఇలా మూగబోవడం ఈ పని చేసేవాళ్లందరికీ తెలిసిన విషయమే. యాభై రూపాయలు కూడా చేయని ఐసీ అది. అంతకుముందు మార్చిన ప్రాసెసర్‌కూ రోమ్‌లకూ ఆ బోర్డు యజమాని దానికి ఎన్నో రెట్లు పెట్టాడు.

ఇలాంటి ఐసీని తీసేటప్పుడు పాతదాన్ని కాపాడాలని చూడకండి, కాపాడాల్సింది బోర్డును. కటింగ్ ప్లయర్‌తో కాళ్లన్నీ కత్తిరించి ఒళ్లు తీసేయండి. తర్వాత ఒక్కో కాలినీ ఐరన్‌తో వేడిచేసి పట్టకారుతో లాగండి. రంధ్రాల్లోని లెడ్డును పంపుతో పీల్చేసి సాకెట్ వేయండి, ఐసీని సాకెట్‌లో గుచ్చండి. మొత్తం ఐసీని ఒక్కసారే లేపాలని ఎక్కువ వేడి పెడితే ట్రాక్ లేచిపోతుంది, అప్పుడు నిజంగానే బోర్డు పోతుంది.

ఐసీలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. తిరుపతివాళ్లకు మొదటి నుంచీ చెన్నై రిచీ స్ట్రీట్ దిక్కు. పొద్దున రైల్లో వెళ్లి కావలసినవి తెచ్చుకునేవాళ్లు. చిత్తూరు, పలమనేరు వైపువాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్తారు. 74 సిరీస్ ఐసీలు ఇప్పటికీ దొరుకుతాయి. పాత రామ్ చిప్పులు కొనేటప్పుడు జాగ్రత్త, పాతవాటి పైన ముద్ర చెరిపి కొత్త ముద్ర వేసి అమ్మేవాళ్లు ఉన్నారు. పత్తిని ఆల్కహాల్‌తో తడిపి పైన రుద్దితే అక్షరాలు ఊడొచ్చాయంటే తీసుకోకండి.

ఈ పాత బోర్డులు మన వైపు వృథాగా పోకూడదని నేను పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. శ్రీసిటీ పారిశ్రామికవాడలో 2015 నుంచి ఫోన్లు తయారవుతున్నాయి. రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలు వచ్చాయి. మన పిల్లలు వేల మంది రోజూ సర్క్యూట్ బోర్డుల మధ్య పనిచేస్తున్నారు. కానీ ఫోను బోర్డులో ఐసీ కాళ్లు దాని ఒంటి కిందే దాగి ఉంటాయి, ట్రాకులు చాలా పొరల్లో ఉంటాయి, ప్రోబ్ పెట్టే చోటే ఉండదు. పాత గేమ్ బోర్డులో ప్రతి కాలూ పైకి కనిపిస్తుంది, ప్రతి ఐసీ మీద నంబరు ఉంటుంది, ఆ నంబరు పెట్టి వెతికితే అది చేసే పని తెలుస్తుంది. క్లాకు అంటే ఏమిటో, బస్సు అంటే ఏమిటో, ఒక బిట్టు తప్పితే ఏమవుతుందో కంటితో చూడవచ్చు. పాలిటెక్నిక్ లాబులో, ఐటీఐ వర్క్‌షాపులో అలాంటి బోర్డు ఒకటి ఉంటే పిల్లలు పరీక్ష కోసం కాకుండా ఆట లేవాలని పని చేస్తారు. ఆ పట్టుదల పుస్తకం వల్ల రాదు. కిలోల లెక్కన అమ్మేసే బదులు దగ్గర్లోని పాలిటెక్నిక్‌కు ఇవ్వమని ప్రతి యజమానినీ వేడుకుంటున్నాను.

చివరగా, మీ ఇంట్లోనో గోడౌన్‌లోనో ఇలాంటి బోర్డు ఉంటే ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటి ఉంది. అది బ్యాటరీ. ఇక్కడ రెండు రకాల బోర్డులకు రెండు రకాల నియమం, అవి తారుమారైతే నష్టమే.

మొదటిది ఎస్ఎన్‌కే కంపెనీ 1990లో తెచ్చిన నియోజియో. 'కింగ్ ఆఫ్ ఫైటర్స్' ఆటలు నడిచేది దాని మీదే. దాని బోర్డుల్లో చాలావాటి మీద 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. ఏళ్లు గడిస్తే అది కారుతుంది. కారినది చుట్టుపక్కల ట్రాకుల్ని తినేస్తుంది. మెకానిక్కులు దాన్ని యాసిడ్ అంటారు గానీ అది క్షారం, అందుకే వెనిగర్‌లో ముంచిన బ్రష్‌తో తుడిస్తే విరుగుతుంది. తర్వాత ఆల్కహాల్‌తో కడిగి బాగా ఆరనివ్వాలి, తెగిన ట్రాకుల మీద సన్నటి జంపర్ వైరు వేయాలి. కారకపోయినా సరే ఆ బ్యాటరీని కత్తిరించి తీసేయండి. అది లేకపోతే సెట్టింగులు, లెక్కలు గుర్తుండవు, ఆట మాత్రం మామూలుగా నడుస్తుంది.

రెండోది క్యాప్‌కామ్ బోర్డులు. ముస్తఫా అసలు బోర్డు, 1993 నుంచి వచ్చిన సీపీఎస్-2 అనే రకం బోర్డులు ఈ కోవలోవి. నకలు తయారు కాకుండా ఆ కంపెనీ ఆట తాళాన్ని బ్యాటరీతో బతికే మెమరీలో పెట్టింది. బ్యాటరీ అయిపోతే తాళం చెరిగిపోతుంది, ఆట లేవదు. అంచేత ఆ బ్యాటరీని చేత్తో ముట్టకండి, తీసి చూద్దామని అనుకోకండి. ముస్తఫా నకలు బోర్డుల్లో కొన్ని ఈ రోజుకీ నడుస్తున్నాయంటే ఆ తాళాన్ని నకలు చేసినవాళ్లు ముందే తీసేయడం వల్లే. వాటిలో అసలు బోర్డులోని క్యూసౌండ్ అనే శబ్దాల ఏర్పాటు ఉండదు, పాటా గుద్దుల మోతా పల్చగా వినిపిస్తాయి. మీ బోర్డు అసలుదో నకలో చెవితోనే కొంత తెలుస్తుంది. అసలుది అయి, బ్యాటరీ అయిపోయి ఉంటే కూడా పారేయకండి. సీపీఎస్-2 బోర్డులకు తాళాన్ని తిరిగి ఎక్కించే పద్ధతిని 2016లో కొందరు పరిశోధకులు కనుక్కున్నారు, చిన్న ఆర్డుయినో బోర్డుతో ఆ పని చేయవచ్చు. ముస్తఫా బోర్డును కూడా ఆ పని తెలిసినవాళ్ల చేతికి ఇచ్చి లేపించుకోవచ్చు. అందాకా తడి తగలని చోట, ప్లాస్టిక్ సంచిలో కాకుండా అట్టపెట్టెలో కాగితం చుట్టి, బరువు మీద పడకుండా ఉంచండి.